ముల్లు రోజుకో మాట చెబుతోంది మాస్టారూ!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు తూకం గురించే ఉన్నాయి. మూడింటినీ కలిపి తీసుకున్నాను. మొదటి జవాబు బాగా పొడుగైంది, కానీ అందులోది చదివితే మిగతా ఇద్దరికీ సగం పని అయిపోతుంది.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. గుంటూరు దగ్గర నల్లపాడు వైపు మాకు మిరప నారు పెంచే నర్సరీ ఉంది. మా బావగారు టెక్సాస్‌లో ఉంటారు. కాల్చిన తూటాల గొట్టాలను ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం ఆయన హాబీ, అక్కడ దాన్ని రీలోడింగ్ అంటారు. ఆయన ఎలక్ట్రానిక్ త్రాసు కొనుక్కుని, పాత బీమ్ త్రాసు (అడ్డకడ్డీ మీద బిళ్లలు జరిపి తూచేది) నాకిచ్చారు. మిరప విత్తనాలు తూచి, గింజల లెక్క వేసుకోవడానికి వాడుతున్నాను. పొద్దున తూచిన పొట్లమే సాయంత్రం తూస్తే 0.3 గ్రెయిన్ (ఆ త్రాసు మీది కొలత) తేడా వస్తోంది. ఒక్కోసారి పళ్లెం ఖాళీగా ఉన్నా ముల్లు సున్నా దగ్గరికి రాదు. లోపల బీమ్ ఆనుకుని ఊగే కత్తి అంచులు సానబెట్టిస్తే బాగవుతుందని ఒకరన్నారు. పట్టించమంటారా?

జవాబు: వద్దండీ. సానరాయి దగ్గరికి ఇప్పుడే వెళ్లకండి. ఆ పని అవసరమైతే చివర్లో చేద్దాం, బహుశా అవసరం కూడా రాదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో చేరిన కొత్తలో ఒక త్రాసు ముల్లు మందకొడిగా కదులుతోందని, ఎవర్నీ అడగకుండా, దాని కత్తి అంచును నున్నటి ఎమెరీ కాగితంతో రెండు పట్లు పట్టాను. అంచు తిన్నగా ఉండాల్సింది మధ్యలో కొద్దిగా గుండ్రమైంది. కంటికి తెలియదు. ఆ రోజు నుంచి ఆ త్రాసు ఒకే వస్తువును మూడుసార్లు తూస్తే మూడు బరువులు చూపింది, ఎంతమంది ఎంత సరిచేసినా మళ్లీ మామూలు కాలేదు. అసలు తప్పు ఏమిటంటే అది మందకొడిగా ఉన్నది అంచు వల్ల కాదు, అంచు కూర్చునే రాతి గుంటలో చేరిన దుమ్ము వల్ల. బ్రష్షుతో తుడిస్తే పోయేది.

ముందు మీ చేతిలో ఉన్న వస్తువు ఏమిటో చూడండి. అక్కడి వాళ్లు ఈ త్రాసు మీద కొలిచేది తూటాల్లో నింపే మందుపొడి. అది ఎక్కువ పడితే తుపాకీకీ, పట్టుకున్నవాళ్లకీ ప్రమాదం, హెచ్చుతగ్గులైతే తూటా వేగం మారి గురి చెదురుతుంది, అందుకే గ్రెయిన్‌లో పదో వంతు వరకూ చూస్తారు. గ్రెయిన్ అంటే పూర్వం బార్లీ గింజ బరువు. ఇప్పుడు దాని కచ్చితమైన విలువ 64.79891 మిల్లీగ్రాములు, 7000 గ్రెయిన్లు ఒక పౌండు. అందులో పదో వంతు అంటే సుమారు ఆరున్నర మిల్లీగ్రాములు. ఒక్క మిరప గింజ బరువు కూడా కాస్త అటూ ఇటూగా అంతే ఉంటుంది! అంటే మీకు వస్తున్న 0.3 తేడా మూడు గింజల తేడా. పది గ్రాముల విత్తనాల ప్యాకెట్‌లో, అంటే 154.3 గ్రెయిన్లలో, మూడు గింజలు పెద్ద లెక్క కాదు. కానీ త్రాసు చెప్పిన మాట మీద నిలబడకపోతే అది మూడుతో ఆగుతుందన్న భరోసా లేదు కాబట్టి మీ టెన్షన్ న్యాయమైనదే.

(మధ్యలో ఒక మాట. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు నింపడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. మీరు అడిగింది గింజల గురించే, చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. ఇంకొకటి ఇంతకంటే ముఖ్యం: తూటాల పని జరిగిన బల్ల మీద సీసం ధూళి ఉంటుంది. ఆ త్రాసును, పళ్లేన్ని ముందు సబ్బు నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి, గుడ్డ పారేయండి, చేతులు కడుక్కోండి. దాని మీద తినే వస్తువేదీ ఎప్పుడూ తూచవద్దు.)

ఇప్పుడు అసలు సంగతి. త్రాసు బాగుందా లేదా అని అడిగితే నిజానికి మూడు వేరు వేరు ప్రశ్నలు అడిగినట్టు. చిన్న బరువు వేస్తే కదులుతోందా? ఒకే బరువు మళ్లీ మళ్లీ వేస్తే ఒకే చోట ఆగుతోందా? ఆగిన చోటు నిజమైన బరువేనా? చాలామంది మూడోదాని గురించే కంగారు పడతారు. నేను మాత్రం రెండోదాన్ని ముందు పెడతాను. రోజూ ఒకే తప్పు చూపే త్రాసుతో పని చేసుకోవచ్చు, ఆ తప్పు ఎంతో తెలుసుకుని కలుపుకోవచ్చు, తీసేయవచ్చు. రోజుకో మాట చెప్పే త్రాసుతో ఏమీ చేయలేం. మీది ఆ రెండో జబ్బు.

కాబట్టి ఈ పరీక్ష చేయండి. ఒక రూపాయి నాణెం తీసుకోండి, దాని బరువు ఎంతో మనకు అక్కర్లేదు. పళ్లెంలో పెట్టి, చూసి, కాగితం మీద రాసి, తీసేసి, బీమ్‌ను వేలితో మెల్లగా కిందికి నొక్కి వదిలి, మళ్లీ పెట్టండి. ఇలా పదిసార్లు. పదీ ఒకటే వస్తే త్రాసులో తప్పు లేదు, అది ఉన్న చోటులో తప్పుంది. పది రకాలుగా వస్తే త్రాసు లోపల ఏదో రాసుకుంటోంది.

చోటు సంగతి చూద్దాం. మీరు ఫ్యాను కింద తూస్తున్నారని నా అనుమానం. గుంటూరు ఎండల్లో ఫ్యాను ఆపి కూర్చోమనడం కష్టమైన మాటే, కానీ బీమ్ త్రాసుకు గాలి కంటే పెద్ద శత్రువు లేదు. ఏసీ గాలి కూడా అంతే, అది చల్లగా మెల్లగా వస్తుంది కాబట్టి మనకు తెలియదు, ముల్లుకు తెలుస్తుంది. పొద్దున కరెంటు లేనప్పుడు తూచి, సాయంత్రం ఫ్యాను కింద తూశారేమో ఒకసారి గుర్తు చేసుకోండి. చేపల తొట్లు కట్టే షాపులో చెబితే మూడు వైపులా, పైనా గాజు పెట్టి డబ్బా చేసిస్తారు, ముందు వైపు తెరిచి ఉంచుకుని, చదివేటప్పుడు ఒక గాజు ముక్క అడ్డం పెట్టుకోవచ్చు. నా లెక్కలో మీకు కావలసిన రిపేరులో సగం ఈ డబ్బాయే.

తర్వాత బల్ల. నర్సరీలో ప్లాస్టిక్ టేబుల్ మీద పెట్టి ఉంటే అది మోచేయి ఆనిస్తేనే వంగుతుంది, వంగితే సున్నా మారుతుంది. ఒక కడప బండ ముక్క తెచ్చి, కింద నాలుగు మూలలా రబ్బరు ముక్కలు పెట్టి, గట్టి బల్ల మీద వేయండి. మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి అరువు తెచ్చుకుని బండ రెండు వైపులా సమంగా ఉందో లేదో చూడండి. ఆ తర్వాత త్రాసు కాలికి ఉన్న మర తిప్పి సున్నాకు తెచ్చుకోండి. అక్కడి నుంచి త్రాసును కదిలించవద్దు. కదిలిస్తే మళ్లీ సున్నా చూసుకోవాల్సిందే, ఇందులో బద్ధకం పనికిరాదు.

ఇక త్రాసు లోపల. బీమ్‌ను జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టండి. దాని నడుమ రెండు వైపులా చిన్న ఉక్కు కత్తి అంచులు కనిపిస్తాయి, అవి కూర్చునే చోట అగేటు రాతి గుంటలు ఉంటాయి. మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తెచ్చి, మెత్తని బ్రష్షుతో ఆ గుంటలు, అంచులు, పళ్లెం కొక్కెం తగిలే చోటు తుడవండి. దూదితో వద్దు, దూది పోగు ఒక్కటి చిక్కుకున్నా మళ్లీ మొదటికే వస్తుంది. నూనె చుక్క కూడా వేయకండి! కీచుమనే తలుపుకు వేసినట్టు త్రాసుకు నూనె వేసేవాళ్లను చాలామందిని చూశాను, నూనె దుమ్మును పట్టి జిగురవుతుంది, ముల్లు ఇక ఎక్కడ ఆగితే అక్కడే.

బీమ్ మీద జరిపే తూకపు బిళ్లలు రెండు ఉంటాయి కదా, పెద్దది గాట్లలో కూర్చుంటుంది. ఆ గాట్లలో మందుపొడి రేణువో మట్టో ఉంటే బిళ్ల పూర్తిగా దిగదు. వెంట్రుక మందం పైకి లేచినా చాలు, బరువు తప్పు చూపిస్తుంది. టూత్ బ్రష్షుతో ఒక్కో గాటూ తుడవండి.

బీమ్ చివర రాగి రేకు లాంటిది అయస్కాంతాల మధ్య ఆడుతుంది. ఊగుతున్న ముల్లును త్వరగా నిలపడానికి అది. రేకు కదిలినప్పుడు అందులో పుట్టే కరెంటు ఆ కదలికనే అడ్డుకుంటుంది, ఆగిపోయాక ఏ బలమూ ఉండదు, కాబట్టి అది బరువును మార్చదు. అయితే ఆ సందులో ఇనుప రజను ఒక్కటి అతుక్కుంటే మాత్రం ముల్లు ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. నర్సరీలో ఇనుప తీగలు కోస్తుంటారు కదా, చూసుకోండి. సెలోటేపు అంటు వైపు లోపలికి పెట్టి అయస్కాంతం ముఖం మీద అద్ది తీస్తే రజను వచ్చేస్తుంది.

బీమ్‌ను తిరిగి పెట్టేటప్పుడు అది ఏ ఒక్క పక్కకీ ఒరగకుండా మధ్యలో కూర్చోబెట్టండి. అంచు కొస పక్క గోడకు రాసుకుంటే పదిసార్లు పది రకాలుగా చూపించేది ఇదే. ప్రతిసారీ బీమ్‌ను నొక్కి వదలమన్నది కూడా అందుకే, అది తనంతట తాను తన చోటుకు వస్తుంది. పళ్లెం మాత్రం ఆ త్రాసుతో వచ్చినదే వాడాలి. వేరే పళ్లెం బరువు వేరు. ఆ పళ్లెమే ఉండి కూడా మర పూర్తిగా తిప్పినా సున్నా రాకపోతే, చాలా త్రాసులకు పళ్లెం వేలాడే కొక్కెం కింద చిన్న డబ్బీలో సీసపు గుళ్లు ఉంటాయి, అందులో ఏదైనా ఎక్కడో పడిపోయిందేమో చూడండి.

ఇప్పుడు కన్ను. ముల్లును పై నుంచి చూస్తే ఒక గీత, కింద నుంచి చూస్తే ఇంకో గీత కనిపిస్తుంది. పొద్దున నిలబడి, సాయంత్రం కూర్చుని చూసినా తేడా వస్తుంది. పాత ఫోను ఒకటి ముల్లుకు సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో స్టాండుకు బిగించి కెమెరా జూమ్ చేసి చూడండి. రీలోడింగ్ చేసేవాళ్లలో చాలామంది ఇదే చేస్తారు, కళ్లజోడు వయసు వాళ్లకు ఇది వరం. అది పెట్టాక, ముల్లు సున్నా దగ్గర ఉన్నప్పుడు పట్టకారుతో ఒక్క మిరప గింజ పళ్లెంలో వేయండి. కదలాలి. తీస్తే వెనక్కి రావాలి. ఈ పరీక్ష నెగ్గితే మీ త్రాసు కత్తి అంచులు బతికే ఉన్నాయని అర్థం.

నెగ్గకపోతే? అప్పుడు కంసాలి భూతద్దం పెట్టి, లైటు కింద అంచును చూడండి. పదునైన అంచు మీద వెలుగు నిలవదు. మొద్దుబారితే సన్నటి తెల్ల గీతలా మెరుస్తుంది. అది కనిపిస్తే పాత త్రాసులు రిపేరు చేసే అనుభవం ఉన్న చేతికివ్వండి. రెండు వైపులా అంచులు ఒకే గీతలో, అదే కోణంలో ఉండాలి, ఆ మాట ఇచ్చేటప్పుడే చెప్పండి.

నిజమైన బరువేనా అన్న మూడో ప్రశ్నకు తనిఖీ రాళ్లు కావాలి. మీరు తూచే బరువుకు దగ్గర్లో ఒకటి, రెండు గ్రాములు, ఐదు, పది గ్రాముల రాళ్లు కొనుక్కుని పట్టకారుతోనే పట్టండి. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న త్రాసు పది గ్రాముల దగ్గర కూడా సరిగ్గా ఉంటుందన్న హామీ ఏమీ లేదు, అందుకే రెండు చోట్లా చూడాలి.

చివరిగా మీ విత్తనాలు. గింజ గాలిలో తేమ పీలుస్తుంది, వానాకాలంలో అదే గింజ బరువెక్కుతుంది. మందు పట్టించిన గింజకు రంగు పొడి బరువు కూడా కలుస్తుంది. కాబట్టి పోయినేడు వేసుకున్న లెక్క ఈ ఏడు పట్టదు. ప్రతి లాట్‌లోనూ వంద గింజలు చేత్తో లెక్కపెట్టి మూడుసార్లు తూచి, ఆ సగటుతో లెక్క వేయండి. ఇక ఆ త్రాసుతో ఎవరికైనా తూచి అమ్ముతారేమో, అది మాత్రం కుదరదు. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం అమ్మకానికి మెట్రిక్ తూకమే వాడాలి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. గ్రెయిన్ల త్రాసు మీ సొంత లెక్కకే.

ప్రశ్న: మాస్టారు గారూ, మాది విజయవాడ వన్ టౌన్. మా తాతగారు కంసాలి పని చేసేవారు. ఆయన గాజు పెట్టె త్రాసు, ఇత్తడి రాళ్లు, ఒక డబ్బీ గురిగింజలు మా అమ్మ దాచింది. రాళ్లు చింతపండుతో తళతళలాడేలా తోమాను. ఒకే ఉంగరం ఎడమ పళ్లెంలో ఒక బరువు, కుడి పళ్లెంలో ఇంకో బరువు చూపుతోంది. తాతగారు ఇలాంటి త్రాసుతోనే పని చేశారా?

జవాబు: అమ్మా, ఇక మీదట ఆ రాళ్లను తోమవద్దు. చింతపండు పులుపు ఇత్తడిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది, తళతళ వచ్చిందంటే పై పొర పోయిందన్నమాట. మెత్తని పొడి గుడ్డతో తుడిచి ఉంచితే చాలు. నల్లబడ్డ రాయి నమ్మకమైన రాయి.

రెండు పళ్లేల్లో రెండు బరువులు రావడానికి కారణం త్రాసు రెండు చేతులూ సమంగా లేకపోవడం. ఉంగరం ఒకవైపు 10.02 గ్రాములు, ఇంకోవైపు 9.98 చూపిందనుకోండి, చేతుల్లో ఐదొందల్లో ఒక వంతు తేడా ఉన్నట్టు. ఏడున్నర సెంటీమీటర్ల చేతిలో అది 0.15 మిల్లీమీటర్లు, అంతే. ఎడమా కుడీ మార్చి తూచి సగటు తీసుకుంటే నిజం వచ్చేస్తుంది, ఇక్కడ 10 గ్రాములు. గణితవేత్త గౌస్ పేరుతో చెప్పే పద్ధతి ఇది. నాకు మాత్రం ఫ్రాన్స్‌కు చెందిన బోర్డా పేరుతో ఉన్న పద్ధతి ఇంకా ఇష్టం: ఉంగరాన్ని ఒక పళ్లెంలో పెట్టి, రెండో పళ్లెంలో సన్న ఇసుక పోసి ముల్లు నిలపండి. ఉంగరం తీసి, ఇసుకను ముట్టుకోకుండా, అదే చోట రాళ్లు వేసి ముల్లును మళ్లీ అక్కడికే తెండి. ఆ రాళ్ల బరువే ఉంగరం బరువు. చేతులు ఎంత వంకరగా ఉన్నా ఈ లెక్క తప్పదు, ఎందుకంటే ఉంగరమూ రాళ్లూ కూర్చున్నది ఒకే చేతి మీద.

డబ్బీలో తులం రాయి ఉంటే అది 11.66 గ్రాములు. ఇప్పుడు షాపుల్లో పది గ్రాములను తులం అంటున్నారు, ఆ రెండూ ఒకటి కాదు. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, బ్రిటిష్ వాళ్ల కాలపు వెండి రూపాయి ఎత్తు. పైన నర్సరీ ఆయన త్రాసు మీద మీ తులం రాయి పెడితే 180 చూపాలి! ఆ తులానికి తొంభై ఆరు గురిగింజల ఎత్తు అని కంసాలుల లెక్క, అంటే ఒక్కో గింజ దాదాపు 121 మిల్లీగ్రాములు. మీ డబ్బీలోవి ఒక్కొక్కటే తూచి చూడండి, ఒకదానికొకటి కలవవు, అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఏరి పెట్టుకునేవారు. అవి విషపు గింజలు, కొరికి నమిలితే ప్రాణం మీదికొస్తుంది, పిల్లలకు అందకుండా పెట్టండి.

త్రాసును తాతగారి గుర్తుగా ఉంచుకోండి, సొంతంగా తూచి చూసుకోండి. అమ్మకానికో తాకట్టుకో మాత్రం పనికిరాదు. వ్యాపారానికి వాడే బీమ్ త్రాసుకు రెండేళ్లకోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి.

ప్రశ్న: విజయవాడ పటమటలో ఇంట్లోనే స్వీట్లు చేసి అమ్ముతున్నాను. కుంకుమపువ్వు తూచడానికి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొన్నాను. చిటికెడు చిటికెడు వేస్తుంటే సున్నా దగ్గరే ఉండిపోతోంది, ఎంత వేసినా కదలదు. మోసపోయానా?

జవాబు: లేదమ్మా, చాలా చిన్న త్రాసుల తీరే అంత. సున్నా దగ్గర నెమ్మదిగా వచ్చే చిన్న మార్పును అది గాలి వల్లో వేడి వల్లో వచ్చిందనుకుని తనంతట తానే సున్నా చేసేసుకుంటుంది. మీరు మెల్లగా వేసే ప్రతి చిటికెడునూ అది అలాగే మింగేస్తోంది. పళ్లెంలో ముందే ఒక ఐదు రూపాయల నాణెం, దాని మీద చిన్న ఖాళీ కాగితం పెట్టి, టేర్ (అంకెను సున్నా చేసే బటన్) నొక్కకుండా, ఆ అంకె రాసుకోండి. ఆ కాగితం తీసి, దాని మీద కుంకుమపువ్వు పక్కన పోగుచేసుకుని, కాగితంతో సహా ఒకేసారి నాణెం మీద పెట్టండి. వచ్చిన అంకెలోంచి ముందు రాసుకున్న నాణెం, కాగితం బరువు తీసేయండి. తూచే ముందు ఐదు నిమిషాలు ఆన్ చేసి ఉంచండి, బ్యాటరీ కొత్తది వేయండి, ఫ్యాను ఆపండి.